భోం వినబడితే బయల్దేరండి

కిందటి నెల్లో నలుగురు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చినారు. మన పట్నం చుట్టూ పండినదే మన పట్నం తినాలని ఒక సంఘం పెట్టినాం తాతగారూ, మీరు వెనకటికి అలాంటి పనే చేసినారట కదా, ఎలాగ చేసినారో రాసి ఇవ్వండి అన్నారు. చేసినమాట నిజమే. నాలుగేళ్ళు చేసినాను. అదెలాగ పెరిగిందో చెప్పమంటే సంతోషంగానే చెబుతాను. కానీ ఎలాగ పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే రాయడం దండగ. టీ ఇచ్చి పంపేసినాను గానీ, ఆ తరవాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపునించి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో చేరినవాడు. నాకు రైల్వేలో పని దొరకలేదు. పట్నం చివర రైలుపెట్టెలకి బ్రేకు దిమ్మలు పోసే ఒక ప్రైవేటు కార్ఖానా ఉండేది. ఇప్పుడు లేదు, దాని పేరు మీకు అక్కర్లేదు. అందులో కేంటీను గుమస్తాగా చేరినాను. రెండేళ్ళకి కేంటీను మొత్తం నా నెత్తినే పడింది. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, బీహారీలు, అందరూ ఒకే వరసలో కూచుని తినేవాళ్ళు. మనవాళ్ళకి పులుపు చాలదు, వాళ్ళకి ఆవనూనె చాలదు. ఒక్క నన్ను తిట్టడంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

అరవైల మధ్యలో తిండికి కరువొచ్చింది. బియ్యం రేషను. మైలో అని ఎర్రజొన్న ఒకటి అమెరికానించి వచ్చేది, దాన్ని రొట్టె చేసి పెడితే జనం నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కూరగాయలు గోల్‌బజార్ టోకు వర్తకులనించి వచ్చేవి. వాళ్ళకేమో ఎక్కడెక్కడినించో రైల్లో వచ్చేవి. రైలు ఆలస్యమైతే కాబేజీ కుళ్ళు, వంకాయ మెత్తన. ఆ వంకాయ ఎవడు పండించినాడో, ఏ నేలలో కాసిందో వర్తకుడికీ తెలీదు, నాకూ తెలీదు.

ఒక ఆదివారం గుమ్మడికాయలేమైనా దొరుకుతాయేమోనని సైకిలేసుకుని, పోలీసు క్యాంపున్న సాలువా దాటి వెళ్ళినాను. ఎర్రటి గరుకు నేల. వరి కోసేసినాక బీడుగా పడి ఉంది, కనుచూపు మేర పచ్చగా ఒక్క మొక్క లేదు. పట్నంలో మేం కూరకి ఏడుస్తున్నాం, గంట నడక దూరంలో ఇంత నేల ఊరికే ఉంది. ఇదేటి ఖర్మ అనుకున్నాను. ఒక ఇంటి ముందు నడివయసు దాటిన ఆడమనిషి ఎండుగడ్డి తాడు పేనుతోంది. మాషీ, ఇక్కడ కూరగాయలెందుకు వెయ్యరు అని అడిగినాను. బెంగాలీలో మాషీ అంటే పిన్నమ్మ. ఆరోజునించీ ఆవిడ నాకు మాషీయే.

నీళ్ళేవి బాబూ, అంది. ఆ వాన మీద ఒక్క పంట, అంతే. ఇంట్లో గింజలు అయిపోతే ఆషాఢంలో ఊరు ఊరంతా నామాల్ వెళ్ళిపోతుంది. నామాల్ అంటే తూరుపు జిల్లాల పల్లం పొలాలకి నాట్లకి పోవడం. రైలెక్కి వెళ్ళి, ఎవరో రైతు గట్టు మీద తాటాకు పాకలో రెండు నెలలుండి, మళ్ళీ కోతలకి ఇంకోసారి. అలా వెళ్ళినప్పుడే తను ఒక బిడ్డని కన్నానని చెప్పింది. వానలో, బురదలో, మంత్రసాని లేకుండా. ఆ బిడ్డ దక్కలేదు. ఆ సంగతి తాడు పేనుతూనే చెప్పింది. తరవాత లోపలున్న కొత్త కోడలికేసి చూసి, దీనికి మాత్రం పురుడు నా ఇంట్లో జరగాలి బాబూ, అంది. నాతో ఏమీ అడగలేదు. చెప్పిందంతే. నేనే ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చినాను.

మా కార్ఖానాలో నాకో స్నేహితుడుండేవాడు. ఖరిదా పేటలో మా రెండిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. ఇద్దరం కలిసి చదివి, కలిసి ఫెయిలైనాం. అతను ఇనుం పోసే అచ్చులపని మేస్త్రీ, యూనియను కార్యదర్శి, నోరున్నవాడు. ఆ ఊళ్ళో బావి పడితే కూరలు అక్కణ్ణించే తీసుకోవచ్చని నేనంటే, కేంటీను కమిటీలో వాడే లేచి నా తరఫున వాదించినాడు. వర్తకుడి కుళ్ళు వంకాయకంటే పక్క ఊరి తాజా వంకాయ మేలు కాదేటి అని మేనేజరుని నిలదీసినాడు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. బావికి సిమెంటు, గిలక, తాడు ఇప్పించినాడు. తవ్వుకున్నది ఊరివాళ్ళే. ఆ గరుకు నేలని గునపంతో రాయిని కొట్టినట్టు కొట్టి కొట్టి నెలన్నర తవ్వినారు. నీళ్ళు పడిన రోజు మాషీ నన్ను పిలిపించి మొదటి చెంబుడు నాచేత తాగించింది. మట్టివాసన. అంత రుచైన నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు.

ఒప్పందం చిన్నది. వాళ్ళు పండించినదంతా మేం తీసుకోవాలి, ఆనపకాయలు ఎక్కువొచ్చినాయి, వద్దు అనకూడదు. వాళ్ళు గోల్‌బజార్‌కి అమ్మకూడదు. కేంటీనులో మిగిలిన గంజి, తొక్కలు వెనక్కి వాళ్ళ పశువులకి, ఆ పేడ మళ్ళీ పాదులకి. మొదటి వేసవిలో నిజంగానే ఆనపకాయలు కుప్పలు పడినాయి. పదిహేను రోజులు వరసగా ఆనపకాయ పులుసు, ఆనపకాయ కూర, ఆనపకాయ పప్పు. కార్ఖానా మొత్తం నాకు ఆనపకాయ బాబు అని పేరు పెట్టేసింది. ఇంటికొచ్చినా మా ఆవిడ అలాగే పిలిచేది. కానీ శీతాకాలం వంకాయలొచ్చేసరికి ఆ తిట్టినవాళ్ళే మారు వడ్డించమన్నారు. శ్రీకాకుళం వైపు మా ఊరినించి తెప్పించిన గోంగూర విత్తనాలు మాషీకి ఇచ్చినాను. ఆ పులుపు నోట్లో పెట్టుకుని ఆవిడ పెట్టిన మొహానికి కోడలు పడీ పడీ నవ్వింది. అయినా మాకోసం ఒక మడి వేసింది.

ఒక్క చిక్కు ఉండేది. వాళ్ళకి మా సెలవులు తెలీవు. విశ్వకర్మ పూజ, దుర్గా పూజ, కరెంటు పోయి మూసేసిన రోజులు. రెండుసార్లు మోసుకొచ్చి మూసిన గేటు చూసి తిరిగెళ్ళినారు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మా కార్ఖానా సైరన్‌ని మేం భోం అనేవాళ్ళం, బెంగాలీలదీ అదే మాట. తెల్లారగట్ల మొదటి భోం వాళ్ళ ఊరిదాకా వినబడుతుంది. భోం వినబడితే కోసుకుని బయల్దేరండి, వినబడకపోతే ఇంటిదగ్గరే ఉండండి అని చెప్పినాను. అంతే, ఆరోజునించీ ఒక్కసారీ పొరపాటు జరగలేదు. క్యాలెండరు లేదు, కబురు లేదు. భోం మోగితే ఏడు గంటలకల్లా వెనకగేటు దగ్గర బుట్టలు. మేనేజరు కూడా భలే అన్నాడు. నేనూ భలే అనుకున్నాను. నా జీవితంలో నేను ఎక్కువ గర్వపడినది దానికే, చెబితే సిగ్గుగా ఉంది.

మూడు వర్షాకాలాలు ఆ ఊరు నామాల్ వెళ్ళలేదు. నాలుగో వేసవిలో మాషీ కోడలు కడుపుతో ఉంది. ఆషాఢం ఆఖర్న పురుడు. మాషీ నన్ను లోపలికి తీసుకెళ్ళి, పురుడికి అలికిన గది, మీద కప్పిన కొత్త గడ్డి చూపించింది. ఆవిడ మొహంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు.

ఆ వేసవిలోనే సమ్మె వచ్చింది. ఇద్దరు అచ్చులపనివాళ్ళని అన్యాయంగా తీసేసినారు. మా కార్యదర్శి ఊరుకునేవాడా? ఒక సోమవారం పొద్దున్న అందరం బయటికొచ్చేసినాం. కేంటీనువాళ్ళం కూడా. నాకు బలవంతమేమీ లేదు, న్యాయమని నమ్మే వచ్చినాను. మాషీ గుర్తురాలేదా అంటే, వచ్చింది. బాయిలరువాళ్ళూ మనతోనే ఉన్నారు కదా, భోం ఎవడు మోగిస్తాడు, మోగకపోతే వాళ్ళు రారు కదా అనుకున్నాను. మూడు రోజుల్లో తేలిపోతుందిరా అని కార్యదర్శి అన్నాడు. సైకిలు గోడకి ఆనించే ఉంది. గంట నడక దూరం. వెళ్ళి ఒక్క మాట చెప్పొచ్చు. వెళ్ళలేదు.

సోమవారం భోం మోగలేదు. మంగళవారం మోగలేదు. బుధవారం తెల్లారగట్ల మోగింది.

లోపల మేనేజరు ఎవరినో పెట్టి మోగించినాడు. పని మొదలైపోయిందని పట్నమంతా అనుకోవాలని, మాలో బెదురు పుట్టాలని. బెదురు పుట్టింది. అందరం పరిగెత్తుకుని పెద్దగేటు దగ్గరికొచ్చినాం. లోపల మన పనికి పరాయి మనుషుల్ని తెచ్చి పెట్టినారట, వాళ్ళకి వండి పెడుతున్నారట అని ఒకటే గోల. జనం కోపంతో ఊగిపోతున్నారు. నేనూ ఒక జెండా పట్టుకుని మూడో వరసలో నిలబడినాను. భోం మోగి దగ్గర దగ్గర రెండు గంటలైంది. ఆ రెండు గంటల్లో నాకు యూనియను గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది, మేనేజరు మీద కోపమొచ్చింది. నేను చెప్పిన మాట మాత్రం నాకే గుర్తురాలేదు. సాలువా రోడ్డు మీద బుట్టలు కనబడినాక గుర్తొచ్చింది.

ఆరుగురు ఆడవాళ్ళు, కావళ్ళు మోస్తూ ఇద్దరు మగవాళ్ళు. రెండు రోజుల కాపు పేరుకుపోయి ఉంది కదా, అందుకని ఎప్పటికన్నా ఎక్కువ తెచ్చినారు. ముందు మాషీ. వెనకే కోడలు, ఆరు నెలలు దాటిన కడుపుతో, నెత్తిమీద ఒక చిన్న బుట్ట. వెనకగేటుకి తాళం ఉండేసరికి తిరిగి పెద్దగేటుకి వచ్చినారు. మావాళ్ళెవరికీ వాళ్ళు తెలీదు. నాలుగేళ్ళు వాళ్ళు పండించినది తిన్నారు గానీ, పొద్దున్నే వెనకగేటు దగ్గరికి వచ్చే మనుషుల్ని చూసినవాడు నేనొక్కడినే.

కార్యదర్శి ముందుకెళ్ళినాడు. ఎవరికి ఇవి అని బెంగాలీలో అడిగినాడు.

కేంటీనుకి, అంది మాషీ.

అబద్ధం చెప్పడం ఆవిడకేం తెలుసు? ఆ మాట చాలింది. ఆవిడ నెత్తిమీది బుట్ట లాగి రోడ్డు మీద బోర్లించినాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళు. బీరకాయలు, బచ్చలికట్టలు, మాకోసం వేసిన గోంగూర, అన్నీ కాళ్ళ కింద పడినాయి. కోడలి బుట్ట ఎవరో లాగేసినారు, ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోలేదు, అది మాత్రం నిజం. మాషీ జనం మొహాల్లో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. నేను కనబడినాను. మా ఇద్దరి మధ్యా పది అడుగులు లేవు. బాబూ అని పిలవలేదు. నేను వస్తానని చూసింది.

నేను తల దించుకున్నాను.

ఎందుకని మీరడుగుతారు. అంతకు నాలుగు రోజుల ముందే ఒకడు, ఈ కేంటీనువాడు మేనేజరు మనిషి అని నా వెనకాల అన్నాడు. ఇప్పుడు ముందుకెళ్ళి, ఆగండి, నేను రమ్మంటేనే వచ్చినారు అంటే నన్నేమంటారు? నాకు భయమేసింది. ఇంకో కారణమేదో చెబుదామని ఇన్నేళ్ళు వెతికినాను, దొరకలేదు. తలెత్తేసరికి గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసులు అటు కదులుతున్నారు, మాషీవాళ్ళు బుట్టలు అక్కడే వదిలేసి వెళ్ళిపోతున్నారు.

సాయంత్రం కార్యదర్శితో చెప్పినాను. ఒరే, వాళ్ళు మేనేజరు మనుషులు కారు, పరాయివాళ్ళకి తెచ్చినవీ కాదు, మనకి నాలుగేళ్ళుగా కూర పెడుతున్నది వాళ్ళేరా, అన్నాను. వాడి మొహం నల్లబడిపోయింది.

"నువ్వక్కడే ఉన్నావు కదరా. అప్పుడే సెప్పలేపోయినావేటి?"

మళ్ళీ వాడే, పొద్దున్నే వెళ్దాం పద, కాళ్ళు పట్టుకుంటాను, అన్నాడు. సమ్మె అయిపోనీ, ఏ మొహం పెట్టుకుని వెళ్తాం అని నేనే ఆపినాను. వాడు ఒక్కడూ వెళ్దామంటే వాడికి దారి తెలీదు. ఆ వారంలోనే వాణ్ణి అరెస్టు చేసినారు.

సమ్మె మూడు రోజులు కాదు, నలభై రోజులు నడిచింది. ఊళ్ళో కాపు ఆగదు కదా. గోల్‌బజార్‌కి మోసుకెళ్తే, ఇన్నాళ్ళూ మేం గుర్తురాలేదా అని వర్తకులు మొహం తిప్పుకున్నారని విన్నాను. ఆ మాట కూడా నేను పెట్టిన షరతు వల్లే. కోసినవి పశువులకి వేసినారట. ఇవన్నీ సాలువా క్యాంపులో పాలు పోసేవాడు చెప్పగా విన్నవి. నేను వెళ్ళలేదు. రోజూ సైకిలు తీసేవాణ్ణి, ఖరిదా దాటేవాణ్ణి, వెనక్కి వచ్చేసేవాణ్ణి.

ఒక గురువారం రాజీ కుదిరింది. సోమవారం నించి పని. శుక్రవారమే వెళ్ళి చెప్పాల్సింది. ఆదివారం వెళ్ళినాను. గుమ్మాలకి ముళ్ళకంపలు అడ్డం పెట్టి ఉన్నాయి. ఊళ్ళో ముసలివాళ్ళే మిగిలినారు. మాషీ పెనిమిటి ఉబ్బసం మనిషి, అరుగుమీద కూచుని ఉన్నాడు. నిన్న పొద్దుటి బండికి నామాల్ వెళ్ళిపోయినారు బాబూ, అన్నాడు. కోడలు కూడానా అని అడిగినాను. ఇక్కడ గింజ లేదు, అక్కడైతే పనిచేసేవాళ్ళకి రైతు అన్నం పెడతాడు, దాన్ని ఒక్కదాన్నీ వదిలి ఎలాగ వెళ్తాను అని మాషీ అందట. నెలలు నిండుతున్నాయి, వద్దని చెప్పినాను, వినలేదు, అన్నాడాయన. నిన్న వెళ్ళినారు. శుక్రవారమే వచ్చి ఉంటే ఆపేవాణ్ణి. నేను వాళ్ళ అరుగుమీద కూచుని ఏడ్చినాను. సమ్మెలో నాకు కష్టమొచ్చిందనుకుని ఆ ముసలాయన నన్నే ఓదార్చినాడు.

ఏ జిల్లా, ఏ రైతు, ఆయనకీ తెలీదు. మేనేజరు ఈలోగా కేంటీను కంట్రాక్టుకి ఇచ్చేసినాడు. నన్ను స్టోర్సులో కూచోబెట్టినారు. కార్యదర్శిని మళ్ళీ తీసుకోలేదు, వాడు ఊరొదిలి భిలాయి వైపు వెళ్ళిపోయినాడు. వెళ్ళేరోజు కూడా, ఆ ముసలమ్మని కలిసినావా అని నన్నడిగినాడు.

కుర్రాళ్ళూ, మీరిచ్చి వెళ్ళిన కాయితం చూసినాను. విత్తనాలు, ఎరువు, బండి, ఎవరు ఏ వారం ఏం తెస్తారు, అన్నీ రాసుకున్నారు, బాగుంది. ఇంకొక్కటి రాసుకోండి. పట్నంలో ఏ గొడవైనా వస్తే ఆ ఊరికి వెళ్ళి చెప్పేది ఎవరు? ఒక మనిషి పేరు రాయండి. ఆ మనిషి వెళ్ళకపోతే ఇంకొకరి పేరు రాయండి. ఊరినించి కూర రావడానికి నేను అన్ని ఏర్పాట్లూ చేసినాను. ఇక్కణ్ణించి ఒక మనిషి అక్కడికి వెళ్ళే ఏర్పాటు మాత్రం చెయ్యలేదు.

భాద్రపదంలో నాట్లవాళ్ళు తిరిగొస్తారు. తూరుపునించి వచ్చే మధ్యాహ్నం పాసింజరు వేళకి రోజూ స్టేషనుకి వెళ్ళేవాణ్ణి, స్టోర్సులో ఏదో ఒక సాకు చెప్పి. పదో రోజో పదకొండో రోజో దిగినారు. అందరి నెత్తిమీదా మూటలు. మాషీ సగమైపోయింది. కోడలి నెత్తిమీద బియ్యం మూట ఉంది, రెండు చేతులూ దాన్ని పట్టుకుని ఉన్నాయి. బిడ్డ లేదు.

మాషీ నన్ను చూసి ఆగింది. మూట దించి ప్లాట్‌ఫారం మీద కూచుంది, నేనూ పక్కనే కూచున్నాను. కోడలు నాలుగు అడుగుల అవతలే నిలబడిపోయింది, నాకేసి చూడలేదు. ఆడపిల్ల, గట్టుమీద పాకలోనే, రెండు రోజులు బతికింది, అని మాషీ చెప్పింది. అక్కడ ముసురు వదల్లేదంది. బొడ్డు తనే కోసినానంది. నేను క్షమించమని అడగడానికి నోరు తెరిచినాను.

ఈలోగా ఆవిడే నా మొహం చూసి మెల్లగా అడిగింది.

"ఆరోజు గేటు దగ్గర, అంత జనంలో, నువ్వు మమ్మల్ని గుర్తుపట్టలేదు. అంతే కదా బాబూ?"

"అంతే మాషీ," అన్నాను. "గుర్తుపట్టలేదు."

ఆవిడ తలూపింది. మూట మళ్ళీ నెత్తికెత్తుకుంటూ, కోడలికేసి చూసి, "దీనికీ అదే చెప్పినాను," అంది.